అదే పేరుతో మరో ఫైలు

కంప్యూటరులో దాచుకున్న ఫైలు దాని యజమాని చేతుల మీదుగానే పోవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ఒకటి ఆ ఫైలును తొలగించడం. రెండవది, అదే పేరుగల మరొక ఫైలును అదే ఫోల్డరులోకి తెచ్చి, పాతదాని స్థానంలో కొత్తదాన్ని కూర్చోబెట్టడం. ఈ రెండవ పనిని కంప్యూటరు పరిభాషలో ఓవర్‌రైట్ అంటారు. పలక మీది పాత అక్షరాలను తుడిచి అదే చోట కొత్తవి దిద్దడం వంటిది అది. తొలగింపులో జరిగే పొరపాటుకు నాలుగు దశాబ్దాలుగా ఒక రక్షణ ఉంది: 1983లో ఆపిల్ లీసా, 1984లో మాకింటాష్ తెర మీదికి తెచ్చిన చెత్తబుట్ట, 1995లో విండోస్ 95తో రీసైకిల్ బిన్‌గా కోట్లమందికి పరిచయమైంది. తీసివేసిన ఫైలు ఆ బుట్టలో కొంతకాలం ఉంటుంది కనుక, తప్పు తెలిసినప్పుడు దానిని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఓవర్‌రైట్‌కు మాత్రం సాధారణంగా అటువంటి బుట్ట లేదు. పాత ఫైలుకూ దాని నాశనానికీ మధ్య నిలిచేది, ఫైల్ మేనేజరు తెర మీద క్షణకాలం చూపే ఒక ప్రశ్న మాత్రమే: ఈ పేరుతో ఇక్కడ ఇప్పటికే ఒక ఫైలు ఉంది, దాని స్థానంలో దీనిని ఉంచాలా? ఆ ఒక్క ప్రశ్న మీద ఎంత భారం పడుతున్నదో, అది ఆ భారాన్ని ఎందుకు మోయలేకపోతున్నదో తెలియాలంటే, ముందుగా ఫైలు అంటే ఏమిటో తెలుసుకోవాలి.

పేరు, నమోదు, సమాచారం

చూసేవారికి ఫైలు ఒకే వస్తువుగా కనిపించినా, డిస్కు మీద అది మూడు వేర్వేరు భాగాలుగా ఉంటుంది. మొదటిది పేరు. ఫోల్డరు అనేది నిజానికి పేర్ల పట్టిక, ఫైలు పేరు ఆ పట్టికలో ఒక వరుస. రెండవది నమోదు. ఫైలు పరిమాణం ఎంత, దానిని చివరిసారి ఎప్పుడు మార్చారు, అందులోని సమాచారం డిస్కులో ఎక్కడెక్కడ ఉంది అన్న వివరాలు ఇందులో ఉంటాయి. యూనిక్స్ సంప్రదాయానికి చెందిన వ్యవస్థలలో ఈ నమోదును ఐనోడ్ అంటారు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో అది మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పెద్ద పట్టికలోని ఒక రికార్డు. మూడవది అసలు సమాచారం. అది సమాన పరిమాణంగల చిన్న గదులలో, అంటే బ్లాకులలో, ఒకేచోట గానీ చెల్లాచెదురుగా గానీ ఉంటుంది. గ్రంథాలయంలో పుస్తకం పేరున్న జాబితా, ఆ పుస్తకం ఏ బీరువాలో ఏ వరుసలో ఉందో చెప్పే కార్డు, బీరువాలోని పుస్తకం ఎలా మూడు వేర్వేరు విషయాలో, ఇవీ అంతే.

ఫైలును శాశ్వతంగా తొలగించమని చెప్పినప్పుడు కంప్యూటరు ఈ మూడింటిలో మొదటి రెండింటినే ముట్టుకుంటుంది. పాత డాస్ కంప్యూటర్లు, నేటి పెన్‌డ్రైవులలో అనేకం వాడే ఫ్యాట్ పద్ధతిలో, ఫోల్డరు పట్టికలోని పేరులో మొదటి అక్షరం స్థానంలో ‘ఇది తొలగించినది’ అనే గుర్తు పడుతుంది, ఆ ఫైలు గదులు ఖాళీ అయినట్టు గదుల పట్టికలో రాసుకోవడం జరుగుతుంది. అందువల్లనే 1991లో డాస్ 5.0తో వచ్చిన అన్‌డిలీట్ ఆదేశం, పోయిన ఫైలును తిరిగి తెచ్చేటప్పుడు దాని పేరులోని మొదటి అక్షరాన్ని వాడే మనిషినే అడిగేది. పేరులో ఆ ఒక్క అక్షరమే నిజంగా చెరిగిపోయి ఉండేది. ఎన్‌టీఎఫ్ఎస్‌లోనూ తొలగించిన ఫైలు రికార్డు వాడుకలో లేదన్న గుర్తు మాత్రమే పడుతుంది. లైనక్స్‌లో విరివిగా వాడే ఎక్స్‌ట్3, ఎక్స్‌ట్4 వ్యవస్థలు మరొక అడుగు ముందుకు వేసి, ఐనోడ్‌లోని చిరునామాలను కూడా తుడిచివేస్తాయి కనుక, అక్కడ ఫైలును తిరిగి పొందడం మరింత కష్టం. అయితే అన్నిటిలోనూ ఉమ్మడి విషయం ఒకటుంది: గదులలోని సమాచారం, వాటిని మరొక ఫైలుకు కేటాయించి రాసేదాకా, సాధారణంగా అలాగే పడి ఉంటుంది.

ఓవర్‌రైట్ సంగతి వేరు. యూనిక్స్ తరహా వ్యవస్థలలో సీపీ అనే కాపీ ఆదేశం ఒక ఫైలు మీద మరొకదాన్ని రాసేటప్పుడు, ముందుగా పాత ఫైలును తెరిచి దాని పరిమాణాన్ని సున్నా చేస్తుంది. దీనిని ట్రంకేషన్ అంటారు. ఆ క్షణంలోనే పాత గదులన్నీ ఖాళీల జాబితాలోకి వెళ్తాయి, వెంటనే కొత్త సమాచారం రావడం మొదలవుతుంది, ఆ కొత్త సమాచారానికి ఇప్పుడే ఖాళీ అయిన గదులే దొరికే అవకాశం కూడా ఉంటుంది. పేరు అదే, నమోదు అదే, కానీ ఆ నమోదులోని చిరునామాలు ఇప్పుడు కొత్త సమాచారాన్ని చూపుతాయి. పాత సమాచారం ఎక్కడ ఉండేదో చెప్పే సాక్ష్యమే మిగలదు. తొలగించిన ఫైలు విషయంలో ‘ఇక్కడ ఒకటి ఉండేది’ అన్న ఆనవాలైనా ఉంటుంది. మీద రాసిన ఫైలు విషయంలో ఆ ఆనవాలు మీద కూడా కొత్త రాత పడుతుంది. పైగా, కాపీ సగంలో ఉండగా కరెంటు పోయినా పెన్‌డ్రైవు ఊడినా, పాత ఫైలూ ఉండదు, కొత్త ఫైలూ పూర్తిగా ఉండదు.

ఈ ప్రమాదం ఎరిగిన ప్రోగ్రాములు మరొక క్రమాన్ని పాటిస్తాయి. అవి కొత్త సమాచారాన్ని ముందు ఒక తాత్కాలిక పేరుతో వేరే ఫైలుగా పూర్తిగా రాసి, అది డిస్కుకు చేరిందని నిర్ధారించుకొని, ఆ తర్వాతే దాని పేరును పాత ఫైలు పేరుగా మారుస్తాయి. పేరు మార్పు అవిభాజ్యంగా జరుగుతుంది, అంటే చూసేవారికి పాతదైనా కనిపిస్తుంది, కొత్తదైనా కనిపిస్తుంది, మధ్యస్థితి ఉండదు. ఈ పద్ధతి అర్ధాంతరపు నష్టాన్ని ఆపుతుంది. కానీ పొరపాటున తప్పు ఫైలును ఎంచుకున్న మనిషిని అది కాపాడలేదు, ఎందుకంటే చివరికి పాతది పోవడం అక్కడా తప్పదు.

పేర్లు ఎందుకు కలుస్తాయి

ఒకే ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండకూడదన్న నియమం దాదాపు అన్ని వ్యవస్థలలోనూ ఉంది. కాబట్టి పేర్లు కలిసిన ప్రతిచోటా ఓవర్‌రైట్ సమస్య పుడుతుంది. పేర్లు కలవడం అరుదైన సంగతి కాదు. డిజిటల్ కెమెరాలు పాటించే డీసీఎఫ్ అనే ప్రమాణం ప్రకారం ఫోటో ఫైలు పేరులో నాలుగు అక్షరాలు, వాటి వెనుక 0001 నుంచి 9999 వరకు ఒక సంఖ్య ఉంటాయి. అంకె 9999 దాటితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. కార్డు మార్చినప్పుడల్లా లెక్కను 0001 నుంచి మొదలుపెట్టేలా అమర్చిన కెమెరాలూ ఉంటాయి. ఒక పెళ్లికి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఒకే కంపెనీ కెమెరాలతో వచ్చి, ఇద్దరి మెమరీ కార్డులనూ ఒకే ఫోల్డరులోకి దించితే, ఒకే పేరుతో పూర్తిగా వేర్వేరు ఫోటోలు ఎదురుపడడం దాదాపు ఖాయం. అక్కడ ‘అన్నిటికీ అవును’ అన్న ఒక్క నొక్కుతో తలంబ్రాల ఫోటోల మీద భోజనాల ఫోటోలు వచ్చి కూర్చుంటాయి.

ఏ రెండు పేర్లు ఒకటే అన్న ప్రశ్నకు అన్ని వ్యవస్థలూ ఒకే జవాబు ఇవ్వకపోవడం మరొక చిక్కు. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను లైనక్స్ పట్టించుకుంటుంది. విండోస్, మాక్ సాధారణంగా పట్టించుకోవు. అందువల్ల లైనక్స్‌లో పక్కపక్కనే హాయిగా ఉన్న రెండు ఫైళ్లు విండోస్‌లోని ఒక ఫోల్డరుకు చేరగానే ఒకే పేరుగలవిగా మారి ఢీకొంటాయి.

తెలుగు పేర్ల విషయంలో ఈ చిక్కు తలకిందులుగా కూడా ఎదురవుతుంది. యూనికోడ్‌లో ఐత్వానికి రెండు సమానమైన రూపాలున్నాయి: ఒకటి ఐత్వపు గుర్తు ఒకే సంకేతంగా, రెండవది ఎత్వపు గుర్తు, దాని కింద చేరే ఐత్వపు గీత అనే రెండు సంకేతాల జంటగా. ‘ఫైలు’ అన్న మాటనే ఈ రెండు విధాలా నిల్వ చేయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాక్‌లో పూర్వం వాడిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ వ్యవస్థ పేర్లను విడగొట్టిన రూపంలో దాచేది. లైనక్స్ పేరును ఎలా ఇస్తే అలాగే బైట్లుగా దాస్తుంది. ఇంతేకాక, ‘హైదరాబాద్’ వంటి పొల్లుతో ముగిసే పేరు చివర, అక్షరాలు కలవకుండా ఆపే ఒక అదృశ్య సంకేతాన్ని కొన్ని కీబోర్డులు చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఫలితంగా, చూపుకు ఒకే పేరుగల రెండు ఫైళ్లు ఒకే ఫోల్డరులో ఉండవచ్చు; ప్రశ్న రాకపోయేసరికి కొత్త ప్రతి పాతదాని స్థానంలోకి చేరిందని నమ్మిన మనిషి, ఆ తర్వాత ‘అనవసరపు నకలు’ అనుకొని నిజమైన ప్రతిని తొలగించే ప్రమాదం ఉంటుంది.

ఫోల్డర్ల విషయంలో ‘రీప్లేస్’ అన్న ఒకే మాటకు రెండు అర్థాలుండడం ఇంకా ప్రమాదకరం. విండోస్‌లో ఒక ఫోల్డరును అదే పేరుగల మరొక ఫోల్డరు ఉన్నచోట పెడితే, రెండింటిలోని ఫైళ్లూ కలిసిపోతాయి. పేర్లు కలిసిన ఫైళ్ల గురించే ప్రశ్న వస్తుంది. మాక్‌లోని ఫైండరులో రీప్లేస్ అంటే పాత ఫోల్డరు మొత్తం పోయి దాని స్థానంలో కొత్త ఫోల్డరు రావడం. పాతదానిలో మాత్రమే ఉన్న ఫైళ్లు దానితోపాటే పోతాయి. ఒక వ్యవస్థకు అలవాటుపడి రెండవదానికి మారినవారు, అక్షరాలా అదే మాటను నమ్మి, ఒక సంవత్సరపు పనిని ఒక నొక్కుతో పోగొట్టుకోగలరు.

ప్రశ్న పుట్టి పెరిగిన తీరు

మొదట్లో అసలు ప్రశ్నే ఉండేది కాదు. యూనిక్స్‌లో ఫైలును కదిపే ఎంవీ, నకలు తీసే సీపీ ఆదేశాలు ఇప్పటికీ, ప్రత్యేకంగా కోరితే తప్ప, ఏమీ అడగకుండా పాతదాన్ని చెరిపేస్తాయి. తెలిసినవారికి అడ్డు తగలకూడదన్నది ఆ సంప్రదాయం. డాస్‌లోని కాపీ ఆదేశం కూడా చాలాకాలం అలాగే నడిచింది. 1993లో వచ్చిన డాస్ 6.2తోనే అది పాతదాని మీద రాసే ముందు అడగడం నేర్చుకుంది. 1986లో జాన్ సోచా రూపొందించిన నార్టన్ కమాండరు రెండు ఫోల్డర్లను పక్కపక్కన చూపే ఫైల్ మేనేజర్ల వంశానికి మూలపురుషుడు. ఆ వంశానికి చెందిన మిడ్‌నైట్ కమాండరు, టోటల్ కమాండరు ప్రశ్నకు ‘అవును, కాదు’ అన్న రెండు జవాబులతో సరిపెట్టుకోకుండా, పాతవాటి మీద మాత్రమే రాయడం, అన్నిటినీ దాటవేయడం వంటి ఎంపికలను చేర్చాయి.

విండోస్ విస్టా, విండోస్ 7 ప్రశ్నపెట్టెలో ఒక మేలైన మార్పు తెచ్చాయి: మీద రాయడం, రాయకుండా వదిలేయడం అన్న రెండింటికి తోడు, కొత్తదానికి పేరు చివర ఒక సంఖ్య తగిలించి రెండింటినీ ఉంచడం అన్న మూడవ దారి చూపాయి. 2012లో వచ్చిన విండోస్ 8, కలిసిన పేర్లన్నిటినీ ఒకే పెట్టెలో రెండు వరుసలుగా, తేదీ, పరిమాణం, బొమ్మలతో సహా చూపి, ప్రతి జంటలోనూ కావలసినదానికి టిక్కు పెట్టే వీలు కల్పించింది. రెండింటికీ టిక్కు పెడితే రెండూ మిగులుతాయి.

ఈ మూడవ దారి తెలుగు సాహిత్య చరిత్ర ఎరిగినవారికి కొత్త కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి దొరికిన పలు తాళపత్ర ప్రతులను పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించారు. శుద్ధప్రతి తయారైంది కదా అని పాత ప్రతులను పారవేసి ఉంటే, ఆ తర్వాతి పరిష్కర్తలకు పోల్చి చూడడానికి ఆధారమే ఉండేది కాదు. పాఠాంతరాలను పేజీ అడుగున చూపే పరిష్కర్తల సంప్రదాయం చెప్పేది ఇదే: ఏ పాఠం సరైనదో తేలేదాకా, తేలిన తర్వాత కూడా, రెండవ పాఠాన్ని చెరపకూడదు. రెండు ఫైళ్లనూ ఉంచే ఎంపిక ఈ వివేకానికి యంత్రరూపం.

తేదీ, పరిమాణం చెప్పని నిజాలు

ప్రశ్నపెట్టె చూపే రెండు ఆధారాలు, చివరిసారి మార్చిన తేదీ, ఫైలు పరిమాణం. రెండూ ఉపయోగకరమైనవే, రెండూ మోసపుచ్చగలవే. కొత్త తేదీ ఉన్న ఫైలు కొత్త విషయం ఉన్న ఫైలే కానవసరం లేదు. యూనిక్స్‌లో మామూలుగా నకలు తీస్తే, ఆ నకలుకు నకలు తీసిన నాటి తేదీయే పడుతుంది, లోపల ఉన్నది ఎన్నేళ్ల నాటి పాఠమైనా సరే. ఫ్యాట్ పద్ధతి ఫైలు మార్చిన సమయాన్ని రెండేసి సెకన్ల మెట్లలో మాత్రమే దాస్తుంది, ఎన్‌టీఎఫ్ఎస్ అంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా దాస్తుంది. అందువల్ల పెన్‌డ్రైవుకు వెళ్లివచ్చిన ఫైలు, ఏ మార్పూ లేకున్నా, అసలుదానికంటే ఒకటి రెండు సెకన్లు కొత్తదిగా కనిపించగలదు. అదీగాక ఫ్యాట్ స్థానిక సమయాన్ని దాస్తుంది తప్ప అది ఏ దేశపు సమయమో రాసుకోదు. హైదరాబాదు సమయానికి అమర్చిన కెమెరాతో న్యూయార్క్‌లో తీసిన ఫోటో మీద, అక్కడి గడియారం కంటే తొమ్మిదిన్నర లేదా, చలికాలంలో, పదిన్నర గంటలు ముందున్న సమయం పడుతుంది. ‘కొత్తదే ఉంచు’ అన్న నియమం అటువంటి చోట తప్పు ఫోటోను ఎంచుకోవచ్చు.

పరిమాణం కూడా అంతే. పది పేజీలు తగ్గించి చక్కదిద్దిన వ్యాసం, చిత్తుప్రతి కంటే చిన్నదిగా ఉంటుంది. రెండు వేర్వేరు పట్టికలు బైటుకు బైటు సమాన పరిమాణంలో ఉండవచ్చు. రెండు ఫైళ్లు ఒకటేనా అన్నది తేల్చడానికి లోపలి విషయాన్ని పోల్చడమే నమ్మదగిన మార్గం. ఫైలు మొత్తం నుంచి ఒక చిన్న సంఖ్యను లెక్కగట్టే హాష్ అనే పద్ధతితో ఆ పోలికను వేగంగా చేయవచ్చు. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది.

చెయ్యి ముందు, ఆలోచన తర్వాత

ఆధారాలు చాలినంత ఉన్నా, వాటిని చదివేది మనిషి. మానవ పొరపాట్లను అధ్యయనం చేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ వాటిని రెండు రకాలుగా విభజించారు. ఉద్దేశమే తప్పయితే అది అవగాహన దోషం. ఉద్దేశం సరైనదే అయినా చెయ్యి మరో పని చేస్తే అది జారుపాటు. ఓవర్‌రైట్ నష్టాలలో ఎక్కువ భాగం జారుపాట్లే. ఫైలును కాపీ చేస్తున్న మనిషి మనసు కాపీ అయ్యాక చేయవలసిన పని మీద ఉంటుంది. మధ్యలో వచ్చే ప్రశ్న అతనికి ఆ పనిలో ఒక మెట్టుగా మాత్రమే తోస్తుంది. ‘నేను కాపీ చేయాలనే అనుకున్నాను కదా’ అని తన చర్యను అతను ధ్రువీకరిస్తాడు. ఆ చర్య ఏ ఫైలు మీద పడుతున్నదో పరిశీలించడు.

ప్రశ్న తరచుగా వచ్చేకొద్దీ ఈ స్థితి ముదురుతుంది. నూరుసార్లు వచ్చిన ప్రశ్నకు తొంభైతొమ్మిది సార్లు సరైన జవాబు ‘అవును’ అయితే, నూరవసారి కూడా వేలు దానంతట అదే ‘అవును’ మీదికి పోతుంది. ఇది అజాగ్రత్త కాదు, అభ్యాసం మనసు మీద చేసే సహజమైన పని. మాకింటాష్ ప్రాజెక్టుకు తొలిరూపం ఇచ్చిన జెఫ్ రాస్కిన్ 2000లో వెలువరించిన ‘ది హ్యూమేన్ ఇంటర్‌ఫేస్’ పుస్తకంలో ఈ అంశాన్నే నొక్కి చెప్పారు: ఎప్పుడూ ఒకే జవాబు కోరే నిర్ధారణ ప్రశ్న త్వరలోనే ఆదేశంలో ఒక భాగమైపోతుంది, కనుక అది రక్షణగా పనిచేయదు. వాడే మనిషి శ్రమను ఎన్నటికీ నష్టపరచకుండా చూడడం యంత్రం బాధ్యత అన్నది ఆయన దృష్టి. ఈ దృష్టితో చూస్తే, జరిగిన నష్టానికి ‘అడిగాను కదా, నువ్వే ఒప్పుకున్నావు’ అనే యంత్రం తన బాధ్యతను మనిషి మీదికి తోసేస్తున్నట్టే లెక్క.

అడగడం కంటే మరలే దారి

ప్రశ్న బలహీనమైనదైతే బలమైన రక్షణ ఏది? దానికి జవాబు కంప్యూటరు చరిత్రలో ఎప్పటినుంచో ఉంది: చేసిన పనిని చేయనట్టుగా మార్చగలగడం. వారెన్ టీటెల్‌మన్ 1970ల తొలి సంవత్సరాలలో లిస్ప్ భాషకు నిర్మించిన వ్యవస్థలో అన్‌డూ సౌకర్యాన్ని కల్పించారు. నేడు ప్రతి రచనా ప్రోగ్రాములోనూ అది ఉంది. కానీ ఫైల్ మేనేజరు ఒక ఓవర్‌రైట్‌ను వెనక్కి తిప్పాలంటే పాత ఫైలు ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. అందుకు ఫైళ్ల వ్యవస్థే సహకరించాలి.

1977లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ప్రకటించిన వీఎంఎస్ అటువంటి సహకారానికి మంచి ఉదాహరణ. అందులో ఒక ఫైలును మళ్లీ దాస్తే పాతది చెరగదు; ఫైలు పేరు చివరనున్న ప్రతుల క్రమసంఖ్య ఒకటి పెరిగి, మొదటి ప్రతి, రెండవ ప్రతి, మూడవ ప్రతి అంటూ అన్నీ పక్కపక్కన నిలుస్తాయి. పాతవాటిని తీసివేయాలంటే వాడే మనిషి పర్జ్ అనే ఆదేశాన్ని కావాలని ఇవ్వాలి. అంటే అక్కడ దాచడం సహజస్థితి, చెరపడం ప్రత్యేక చర్య. మామూలు వ్యవస్థలలో ఇది తారుమారు. డిస్కులు ఖరీదైన ఆ రోజుల్లో సాధ్యమైన ఈ ఔదార్యం, వాటి ధర అంతగా పడిపోయిన ఈ రోజుల్లో సర్వసాధారణం కాకపోవడం విచారకరం.

ఆ లోటును కొంతవరకు పూడ్చేది స్నాప్‌షాట్ అనే పద్ధతి. సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి 2005లో విడుదలైన జడ్‌ఎఫ్ఎస్, లైనక్స్‌లోని బీటీఆర్ఎఫ్ఎస్, 2017 నుంచి ఆపిల్ వాడుతున్న ఏపీఎఫ్ఎస్ వంటి వ్యవస్థలలో, మార్పు జరిగినప్పుడు పాత గది మీద రాయకుండా కొత్త గదిలో రాసి, చిరునామాను మాత్రమే మారుస్తారు. అలా చేయడం వల్ల, ఒకానొక క్షణంలోని చిరునామాల పట్టికను భద్రపరిస్తే చాలు, ఆ క్షణంలోని ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోతాయి. మారిన భాగాలకు మాత్రమే అదనపు స్థలం ఖర్చవుతుంది. విండోస్‌లోని షాడో కాపీ సేవ, మాక్‌లో 2007 నుంచి ఉన్న టైమ్ మెషీన్, విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ వేర్వేరు మార్గాలలో ఇదే ప్రయోజనాన్ని అందిస్తాయి. అయితే వీటిలో చాలావాటిని ముందుగా ఎవరో ఒకరు ఆన్ చేసి ఉంచాలి. నష్టం జరిగిన తర్వాత ఆన్ చేస్తే ఫలితం లేదు.

నకలు వేరు, సమకాలీకరణ వేరు

ఒకే ఫోల్డరును ఫోనులోనూ కంప్యూటరులోనూ ఇంటర్నెట్ నిల్వలోనూ ఒకేలా ఉంచే ఏర్పాటును సమకాలీకరణ లేదా సింక్ అంటారు. మూడు చోట్ల ఫైలు ఉంది కాబట్టి మూడు నకళ్లున్నాయని చాలామంది భరోసాగా ఉంటారు. కానీ సింక్ మంచి మార్పునూ చెడ్డ మార్పునూ సమాన విధేయతతో మోసుకుపోతుంది. ఒకచోట ఖాళీ ఫైలు అసలుదాని స్థానంలోకి వస్తే, కొన్ని క్షణాలలో మిగిలిన చోట్లా ఖాళీ ఫైలే ఉంటుంది. పాత ప్రతులను, తొలగించిన ఫైళ్లను కొంతకాలం ఉంచే సేవలు ఉన్నాయి, ఉదాహరణకు గూగుల్ డ్రైవ్‌లో చెత్తబుట్టలోని ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. ఆ గడువు లోపల పొరపాటు కంటపడకపోతే ఆ రక్షణ కూడా ముగుస్తుంది.

నిజమైన బ్యాకప్, అసలుదానికి జరిగే మార్పులు తనను తాకనంత దూరంలో ఉండాలి. 1998లో ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం నిర్మాణంలో ఉండగా, పిక్సార్ స్టూడియోలో పొరపాటున నడిచిన ఒక తొలగింపు ఆదేశం ఆ చిత్రపు ఫైళ్లలో అధిక భాగాన్ని తుడిచివేసింది. బ్యాకప్ ఉందనే అందరూ నమ్మారు, తీరా చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదు. చిత్రపు సాంకేతిక నిర్వాహకురాలు గాలిన్ సుస్మన్, పసిబిడ్డ తల్లిగా ఇంటినుంచి పనిచేయడం కోసం ఇంట్లోని కంప్యూటరులో ఉంచుకున్న నకలు ఆ పనిని చాలామేరకు కాపాడింది. ఈ ఘటనలో రెండు పాఠాలున్నాయి: వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుకోకూడదు, ఒక ప్రతి వేరే చోట ఉండాలి. ఫోటోగ్రాఫరు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం దీనినే క్లుప్తంగా చెబుతుంది: మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాల మీద, అందులో ఒకటి వేరే స్థలంలో.

పోయిన తర్వాత

నష్టం జరిగిపోతే మొట్టమొదట చేయవలసింది, ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా ఆపడం. రాసే ప్రతి బైటూ పాత గదులలో ఒకదాన్ని ఆక్రమించవచ్చు. ఫైళ్లను వెతికే ప్రోగ్రామును అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేయడం కూడా ఈ తప్పే. ఆ ఫైలు ఏదైనా ప్రోగ్రాములో ఇంకా తెరిచి ఉంటే, దానిని మూయకుండా వేరే పేరుతో దాచుకోవాలి. ఆ తర్వాత పాత ప్రతుల కోసం, ఈమెయిలులో పంపిన నకలు కోసం, ఫోనులో మిగిలిన నకలు కోసం వెతకాలి. కెమెరా నుంచి దించిన ఫోటోలైతే మెమరీ కార్డును వెంటనే తీసి పక్కన పెట్టాలి. కార్డును ఇంకా ఫార్మాట్ చేయకపోతే అసలు ఫోటోలు అందులోనే ఉంటాయి.

పేరు, నమోదు రెండూ పోయినప్పుడు మిగిలేది గదులను ఒక్కొక్కటిగా చదివి గుర్తుపట్టడం. జేపెగ్ ఫోటోలు ఎప్పుడూ ఒకే మూడు బైట్ల గుర్తుతో మొదలవుతాయి. ఇతర రకాల ఫైళ్లకూ ఇటువంటి ముఖచిహ్నాలుంటాయి. క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించి ఉచితంగా అందించిన ఫోటోరెక్ వంటి ప్రోగ్రాములు ఈ చిహ్నాలను పట్టుకొని ఫైళ్లను వెలికితీస్తాయి. ఫైలు ముక్కలు డిస్కులో చెల్లాచెదురుగా ఉంటే మాత్రం ఆ పద్ధతి తడబడుతుంది, పేర్లు ఎలాగూ తిరిగి రావు. ఇక పాత హార్డ్‌డిస్కుల స్థానంలో వచ్చిన ఎస్ఎస్‌డీలలో ఈ ఆశ మరీ సన్నగిల్లుతుంది. ఏ గదులు ఇక అక్కర లేవో ట్రిమ్ అనే ఆదేశం ద్వారా కంప్యూటరు వాటికి చెప్పేస్తుంది, అవి తమ వేగాన్ని నిలుపుకోవడానికి ఆ గదులను తమంతట తామే ఖాళీ చేసుకుంటాయి. యంత్రాలు వేగవంతమైనకొద్దీ పొరపాటును దిద్దుకునే వ్యవధి తగ్గిపోతున్నదన్నమాట.

ఇటువంటి స్థితిలో వాడేవారు పాటించదగిన కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. ప్రతి మెమరీ కార్డునూ తేదీతో కూడిన కొత్త ఫోల్డరులోకే దించాలి. పేర్లు కలవని చోట ప్రశ్నే పుట్టదు. ముఖ్యమైన పత్రాల పేర్లలో తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే, ప్రతులు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి. కదపడానికి బదులు నకలు తీసి, నకలు సరిగ్గా తెరుచుకున్నదని చూసిన తర్వాతే అసలుదాన్ని తీసివేయాలి. సందేహం కలిగిన ప్రతిసారీ రెండింటినీ ఉంచాలి. పెన్‌డ్రైవులలో, నెట్‌వర్క్ డ్రైవులలో విండోస్ తొలగించినవి సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవని గుర్తుంచుకోవాలి.

అయినా ఈ భారమంతా వాడేవారి జాగ్రత్త మీదనే ఉండడం న్యాయం కాదు. తొలగించిన ఫైలుకు బుట్ట అవసరమని 1983లోనే గుర్తించిన సాఫ్ట్‌వేర్ రంగం, మీద రాసిన ఫైలుకు కూడా అదే బుట్ట అవసరమని ఇంతకాలం అంగీకరించకపోవడానికి సాంకేతికమైన అడ్డంకి పెద్దగా లేదు. పాత ఫైలును చెరపకుండా, పేరు మార్చి, కొన్నాళ్లు పక్కన ఉంచితే సరిపోతుంది. అదే డిస్కులో పేరు మార్పుకు పట్టే కాలం లెక్కలోకి రాదు. పాత ప్రతులను పోల్చి శుద్ధప్రతి తయారుచేసిన పండితులు తాటాకును చెరిపి దాని మీదనే రాయలేదు. కొత్త ప్రతిని విడిగా రాశారు. స్థలం అంత విలువైన రోజుల్లో వారు పాటించిన ఆ మర్యాదను, స్థలం ఇంత చవకైన రోజుల్లో ఫైల్ మేనేజర్లు పాటించాలని కోరడం అత్యాశ కాదు.